గురువారం వంకరపోయే బొమ్మ

నేను బిగించిన ఫ్రేము వంకరపోయిందని అంతవరకు నాతో అన్నవాళ్లు లేరు. ఆ మాట మొదట అన్నది ఒక పళ్ల డాక్టరు. అదీ ఫోన్‌లో, నేను షాపు షట్టరు ఇంకా పూర్తిగా ఎత్తకముందే.

"మీరు మొన్న మా హాల్లో పెట్టిన జపాన్ బొమ్మ ఒక పక్కకి ఒరిగిందండీ."

"ఒరగదండీ."

"నా కళ్లముందే ఉంది."

"మీరు తల వంచి చూస్తున్నారేమో."

"రోజుకి పది మంది వంకరపళ్లు సరిచేస్తాను. వంకరంటే ఏమిటో నాకు తెలుసు. ఇవాళ గురువారం, మధ్యాహ్నం క్లినిక్కి సెలవు, ఇంట్లోనే ఉంటాను. వచ్చి చూడండి," అని పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. రసమట్టం సంచిలో వేసుకుని బయల్దేరాను. దాని గాజుగొట్టంలో బుడగ నడిమధ్యకి వచ్చేదాకా నేను స్టూలు దిగను. నాకా వంకర పాఠాలు?

తీరా చూస్తే నిజంగానే వంకర. రెండు వేళ్ల మేర.

చెక్క అచ్చులతో, రంగుకో అచ్చు చొప్పున అద్దిన పాతకాలపు పద్ధతి బొమ్మ అది. వానలో ఒక వంతెన, దానిమీద గొడుగుల కింద ఇద్దరు. వంతెన ఒరిగిపోయి, పాపం వాళ్లిద్దరూ ఏట్లో పడడానికి సిద్ధంగా ఉన్నారు.

"ఎవరైనా ముట్టుకున్నారా?" అన్నాను.

"ఇంట్లో ఉండేది నేనూ మా నాన్నా. ఆయన పేపరు తప్ప ఏదీ ముట్టుకోరు."

మూల కుర్చీలో పేపరు వెనకనుంచి ఒక దగ్గు వినిపించింది. నమస్కారమండీ అన్నాను. పేపరు కదల్లేదు.

సరిచేసి వచ్చాను. మరుసటి గురువారం మళ్లీ ఫోన్! ఈసారి ఒకటికి రెండు మేకులు కొట్టాను. దారం తీసేసి తీగ కట్టాను. డాక్టరు స్టూలు పక్కనే నిలబడి బొమ్మ వంక చూస్తోంది.

"ఇదేం వానండీ, అన్నీ గీతలే! ఎక్కడైనా ఇంత తిన్నగా పడుతుందా?" అన్నాను, ఉక్రోషంకొద్దీ.

"అందుకే కొన్నాను."

"అంతేలెండి. మీ ఇంట్లో వాన కూడా వరస తప్పకూడదు."

పకపకా నవ్వింది. అప్పుడు కనిపించింది, పళ్ల డాక్టరుగారి పై వరసలోనే ఒక పన్ను కొంచెం పక్కకి తిరిగి ఉంది. మీదెందుకు సరిచేసుకోలేదని అడగబోయి మానేశాను. అది అలా ఉంటేనే బాగుంది.

మూడో గురువారం మళ్లీ వంకర.

"వీధిలో లారీలు వెళ్తుంటే గోడ అదురుతోందేమో," అంది డాక్టరు, గోడ వంక చూస్తూ.

నిజమే కాబోలనుకున్నాను. కిటికీ గట్టుమీద గ్లాసుతో నీళ్లు పెట్టి, అవి కదులుతాయేమోనని గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నరలో రెండు కాఫీలు తాగాం, చిన్నప్పటి మేష్టర్ల దగ్గర్నుంచి చెప్పుల సైజుల దాకా మాట్లాడుకున్నాం. లారీలు మూడు వెళ్లాయి. నీళ్లు కదలలేదు.

ఆ పైవారం కూడా ఫోన్ వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే, షాపులో నాతోపాటు పనిచేసే మా అక్క ముక్కు ఎగబీల్చింది.

"మేకు కొట్టడానికి సెంటెందుకురా?"

"కస్టమర్ దగ్గరికి వెళ్తున్నానే!"

"ఊఁ, ఊఁ."

దాచడమెందుకు, డాక్టరు నాకు నచ్చింది. అన్నం తింటున్నా ఆవిడ నవ్వే గుర్తొస్తోంది. కానీ ఒక్క ఫ్రేము తిన్నగా నిలబెట్టలేనివాడు ఏ మొహం పెట్టుకుని ఆ మాట చెబుతాడు? ముందు బొమ్మ నిలవాలి, ఆ తర్వాతే నా మాట. అందుకని ఆ గురువారం డ్రిల్లు పట్టుకెళ్లి, ఫ్రేము నాలుగు మూలలా ఇత్తడి బిళ్లలు పెట్టి, వేలంత పొడుగు స్క్రూలు గోడలోకి దింపాను.

"ఇక భూకంపం వచ్చినా కదలదండీ!"

డాక్టరు మొహం చిన్నబోయింది. "అంటే... ఇక మీరు రానక్కర్లేదా?"

"అస్సలు!" అన్నాను, రొమ్ము విరుచుకుని.

"సరే," అని లోపలికి వెళ్లిపోయింది. కాఫీ కూడా రాలేదు. పేపరు వెనక ఆయన పెద్దగా నిట్టూర్చారు. మనసులో మాట నోట్లోనే ఉండిపోయింది. సంచి సర్దుకుని వచ్చేశాను.

గురువారం వచ్చింది. ఫోన్ మోగలేదు. రెండుసార్లు తీసి చూశాను, పనిచేస్తూనే ఉంది.

"గెలిచొచ్చానన్నావు, ఆ ఏడుపు మొహమేమిటి?" అంది అక్క.

మొత్తం చెప్పాను. విని నెత్తి కొట్టుకుంది.

"ఒరేయ్ మొద్దూ, ఆ గోడకి ఇంకేం లేవా?"

"ఉన్నాయి. గడియారం, క్యాలెండరు."

"అవెప్పుడైనా వంకరపోయాయా?"

"లేదు."

"మరి నీ బొమ్మ ఒక్కటే, అదీ గురువారం గురువారం ఎలా పోయిందిరా?"

అప్పటికి వెలిగింది నాకు. బయట వాన దంచుతోంది, అదీ ఏటవాలుగా. గొడుగు తీసుకోవాలని కూడా తోచలేదు. వాళ్లింటిదాకా నాలుగు వీధులూ పరిగెత్తాను.

తలుపు తీసే ఉంది. హాల్లో డాక్టరు కుర్చీ ఎక్కి, పళ్లు గీకే సన్నటి పనిముట్టుతో నా ఇత్తడి స్క్రూని తిప్పుతోంది. కింద నాన్నగారు కుర్చీని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. పేపరు లేకుండా ఆయన్ని చూడడం అదే మొదటిసారి.

"మధ్యాహ్నంనించీ తంటాలు పడుతున్నామయ్యా," అన్నారాయన. "మరీ అంత గట్టిగా బిగించాలా?"

"నాన్నా!" అంది డాక్టరు. చెవులు ఎర్రబడ్డాయి.

నేను నీళ్లోడుతూ గుమ్మంలోనే నిలబడ్డాను. "నేను బొమ్మ కోసం రాలేదండీ," అన్నాను. "మీ కోసం వచ్చాను. మీరు పిలవకపోతే నాకు ఏమీ తోచడం లేదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

"నాలుగు వారాలు కుర్చీ ఎక్కి దిగాను," అందావిడ. "ఇప్పటికా మీకు అర్థమైంది?"

"నాకు కాదండీ. మా అక్కకి అర్థమైంది."

అదే నవ్వు, ఆ పక్కకి తిరిగిన పన్నుతో సహా.

నాన్నగారు నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూశారు. "సరే, ఇలా వచ్చి ఈ కుర్చీ పట్టుకో బాబూ. నా నడుం పట్టేసింది," అన్నారు.

ఆయన వదిలారు. నేను పట్టుకున్నాను.