వెనకబడిన కాలు

పొద్దుటి కాఫీ గ్లాసులు కడగకముందే ధర్మవరంలో మగ్గాలు మొదలవుతాయి. ఆ రోజూ జయరాముడు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీర నేస్తున్నాడు. వంటింట్లో హేమావతి సంగటికి ఎసరు పెట్టింది. కూతురు అనుపమ మాత్రం తను గీసిన బొమ్మల కాగితాలు ఒళ్లో పెట్టుకుని, గడప దగ్గర బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

అనుపమ అనంతపురంలో యానిమేషన్ నేర్చుకుంటోంది. ఆ విద్యలో పేరుమోసిన పాతతరం చిత్రకారుల పని చూసినా, వాళ్లు చెప్పిన మాటలు విన్నా ఆ పిల్లకు ఆకలి గుర్తుండదు. బొమ్మ అందంగా ఉంటే చాలదంటారు వాళ్లు. ఒంట్లో ఏది ముందు కదులుతుందో, ఏది వెనక వస్తుందో కళ్లారా చూడమంటారు. గీసే ముందు ఆ పని నువ్వే చేసి చూసుకోమంటారు. చూడ్డానికి ఇంట్లో నాయన ఉండగా ఊరంతా తిరగడమెందుకని, ఆయన నేస్తుంటే వీడియో తీసి ఒక్కో కదలికా గీసింది.

గీసినవి గబగబా తిప్పి చూస్తే కుడికాలు వెనకబడుతోంది. తనదే తప్పనుకుంది. మళ్లీ గీసినా అంతే. చివరికి స్టూలు మీద కూర్చుని తనే అలా తొక్కి చూసింది. ఎంతకీ ఆ కదలిక రాలేదు. కాలిని చచ్చుబడినట్టు వదిలేసి, తుంటితో ఈడిస్తేనే వచ్చింది.

ఇక ఇంట్లోవాళ్ల తెలివి గురించి చెప్పుకోవాలి. మగ్గం చప్పుడు తేడాగా ఉందని ఉగాది నుంచీ అందరికీ తెలుసు. నేతింట్లో చెవులన్నీ మగ్గం మీదే ఉంటాయి, నేసే మనిషి వంక ఎవరు చూస్తారు? వడ్రంగి తిప్పయ్యను పిలిపించి కాలితో తొక్కే చెక్క మార్పించారు, తాళ్లు మార్పించారు. మగ్గానికి దిష్టి కూడా తీశారు.

"నాయనా, మగ్గం ఆపు. ఆస్పత్రికి పోదాం," అంది అనుపమ.

"యాల? ఎవురికేమైంది?"

"నీ కుడికాలికి."

"కాలికేమైతాది? చెక్క బిగువుగా ఉండాది. తిప్పయ్య మళ్లా వస్తానన్నాడు."

"చెక్క ఎన్నిసార్లు మారుస్తావు? ఇది చూడు."

కాగితాలు ఆయన కళ్లముందు తిప్పింది. కాగితాల మీది జయరాముడు నేశాడు. చేతులు ఆడాయి, ఎడమకాలు తొక్కింది, కుడికాలు మాత్రం ఎవరో లాగితే వచ్చినట్టు వచ్చింది. జయరాముడి ముఖం పాలిపోయింది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"బొమ్మలు నేర్చుకోమని పంపితే నాయన్నే కుంటోన్ని చేసి గీస్తావా? పొయ్యిలో పెట్టు వాటిని."

హేమావతి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పాపనెందుకు కసురుతావు? నిన్న మెట్టు కాడ కుడికాలి చెప్పు ఊడిపోయింటే తెలీకనే నడిచొచ్చినావు. నేనే తెచ్చి పెట్టినా. పరాకు అనుకుంటి నేను..." అని ఆగిపోయింది. గుంతలోకి వంగి ఆయన కుడికాలి వంక చూసింది.

జయరాముడు పోగును అటూ ఇటూ నడిపే నాడెను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు తెలీక కాదు," అన్నాడు చివరికి. "పొద్దున్నే ఎవురూ చూడకుండా ఆ కాలిని చేత్తో ఎత్తి గుంతలో పెట్టుకుంటాండా. డాక్టరు మగ్గం దిగమంటే? దిగినాక నేనేం మనిషిని పాపా?"

"నాకూ బయంగానే ఉండాది నాయనా. తొందరగా పోతే బాగయితాదేమో. ఆలస్యమైతే..."

ఆయన చెయ్యి చాపాడు. "ఇంకోసారి తిప్పు."

తిప్పింది. ఈసారి ఆయన రెప్ప వేయకుండా చూశాడు.

"ఎన్ని దినాల్నుంచి చూస్తాండావు నన్ను?"

"ఇప్పుడే మొదలుపెట్టినా నాయనా," అని అనుపమ భోరున ఏడ్చేసింది. "ఇన్నేండ్లూ చప్పుడే విన్యా."

తల్లీకూతుళ్లు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ను గుంతలోంచి పైకి లేపారు. కుడికాలు నేల మీద నిలవడానికి తడబడింది. మగ్గం ఆగిన సంగతి అప్పటికే గోడ అవతలికి తెలిసిపోయింది.

"ఏమప్పా జయరాముడూ," పక్కింటి బయమ్మ కేకేసింది, "మగ్గం మళ్లా చెడిందా?"

హేమావతి ఏదో సర్దిచెప్పబోయింది. జయరాముడు ఆమె చేతిని గట్టిగా పట్టుకుని, గోడ వైపు తిరిగాడు.

"మగ్గం బాగుండాది బయమ్మా," అన్నాడు. "నా కాలే బాగలేదు. ఆస్పత్రికి పోతాండాం."