యవనుల పరబొలే

చంపకవతి రాజ్యంలో ఒక వేసవిన ఎవరూ ఎవరినీ నమ్మని రోజులు వచ్చాయి. వేటకు ఒంటరిగా వెళ్లిన యువరాజు ఉదయవర్ధనుడు ఇద్దరై తిరిగివచ్చాడు. అదే ముఖం, అదే నడక. ఒకడు మాయావి అని అందరికీ తెలుసు, ఎవడో తెలియదు. కలిపి ఉంచితే నకిలీవాడు అసలువాణ్ణి చంపుతాడేమోనని రాజు ఇద్దరినీ వేరువేరు బురుజుల్లో ఉంచాడు. యువరాజును అడవిలో చివరిసారి చూసినవాడు రంగులద్దే సోమయ్య. అనుమానం మీద అతణ్ణి సంకెళ్లతో చెరలో వేశారు. పున్నమిలోగా నిజం తేలకపోతే తల తీస్తామన్నారు.

గ్రీకు దేశపు యవనుల పరబొలే దొరికితేనే మాయ విడుతుందని ఆస్థాన జ్యోతిష్కుడు చెప్పాడు. అది మూలికో, కత్తో, మంత్రమో ఆయనకూ తెలియదు. సోమయ్య కూతురు పైడమ్మ దేవుడికి దండం పెట్టుకుని, అటుకుల మూటతో బయలుదేరింది.

అడవిలో ఒక ఎలుగుబంటి దారికి అడ్డుపడి, తన దవడలో దిగిన ముల్లు తీస్తే పరబొలే సంగతి చెబుతానంది. నోరు మూసేస్తే చెయ్యి పోతుంది. అయినా పైడమ్మ చెయ్యి పెట్టి ముల్లు లాగింది.

"పరబొలే అంటే ఇదే పిల్లా. ప్రాణాన్ని పాచికలా విసరడం, తెగించడం" అంది ఎలుగుబంటి.

కొండమీద ఒక ముని రెండు నీలిరాళ్లు చూపించాడు. ఒకటి నీడలో, ఒకటి ఎండలో ఉంది. ఏది ముదురు రంగని అడిగాడు.

"ఇప్పుడే చెప్పలేను స్వామీ. మా ఇంట్లో తడిగుడ్డను పొడిగుడ్డతో సరిచూడరు. రెండూ ఒకే ఎండలో ఆరాలి" అంది పైడమ్మ.

ముని నవ్వి, ఒకదాని పక్కన ఒకటి వేసి పోల్చడమే పరబొలే అన్నాడు.

సముద్రపుటొడ్డున విరిగిన యవన ఓడకు ఒక భూతం కాపలా ఉంది. తనను ఏడిపించే కథ చెబితేనే నోరు విప్పుతానంది. పైడమ్మ చెరలో ఉన్న తన తండ్రి కథే చెప్పింది. భూతం కళ్లు తుడుచుకుంది.

"పరబొలే అంటే కథే తల్లీ. మొదట్లో ఆ మాటకు పక్కన విసరడమని అర్థం. తర్వాత పోల్చడమైంది. ఆ తర్వాత పోలిక చెప్పే కథైంది. ఇప్పుడు పడమటి దేశాలవాళ్లు నోటివెంట వచ్చే ఏ మాటనైనా ఆ పేరుతోనే పిలుస్తున్నారు" అంది.

ముగ్గురూ మూడు చెప్పారు. ఇందులో అబద్ధం ఎవరిది? తిరుగుదారి పొడుగునా పైడమ్మకు అదే అనుమానం. చివరికి మూడింటినీ, గుడ్డపీలికల్లా, మనసులో పక్కపక్కన పరిచి చూసింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మూడు పనులూ తాను చేయాల్సినవే.

పున్నమినాటి మిట్టమధ్యాహ్నం, ఇద్దరినీ ఒకే ఎండలో నిలబెట్టమని ఆమె రాజును కోరింది. రాజు ఒప్పుకోలేదు. కత్తి దూస్తే ముందు తనకే తగిలేలా మధ్యలో నిలబడతానంది. అప్పుడు ఒప్పుకున్నాడు. పైడమ్మ కథ మొదలుపెట్టింది.

"ఒక రైతు ఎద్దు తప్పిపోయింది. చివరిసారి దానికి గడ్డి వేసిన ముసలివాణ్ణి అనుమానించి ఆ రైతు గుంజకు కట్టేశాడు. ఎద్దు దొరికేసరికి తాళ్ల కింద ముసలివాడి చర్మం ఊడిపోయింది. ఆ కట్లు ఎవరు విప్పాలి?"

కుడివైపు యువరాజు కళ్లు చెమర్చాయి. ఎడమవైపువాడు అతణ్ణి ఓరగా చూశాడు. రెప్పపాటు ఆలస్యంగా వాడి కళ్లూ చెమర్చాయి. విడివిడిగా ఉన్నన్నాళ్లూ ఆ రెప్పపాటు ఎవరికీ కనబడలేదు.

"ఎడమవైపువాడే" అంది పైడమ్మ.

మాయావి కోరలతో ఆమె మీదికి దూకాడు. ఉదయవర్ధనుడు భటుడి ఈటె లాక్కుని వాణ్ణి నేల కూల్చాడు.

రాజు మాత్రం అటు చూడలేదు.

"ఆ రైతు నేనే కదమ్మా" అన్నాడు.

రాజు తానే చెరసాలకు నడిచివెళ్లి, సోమయ్య సంకెళ్లు తన చేతులతో విప్పి, క్షమించమన్నాడు. సోమయ్య బిత్తరపోయి కూతురి చెవిలో గుసగుసలాడాడు.

"ఈయన అసలు రాజుగారేనా అమ్మా?"

"పక్కన పెట్టి చూడటానికి ఇంకొకరు లేరు నాన్నా. నమ్ముదాం" అంది పైడమ్మ.

ఆ మాఘమాసంలో ఆమె ఉదయవర్ధనుణ్ణి పెళ్లాడింది. రాజ్యమంతా నిశ్చింతగా భోంచేసింది. సోమయ్య మాత్రం పెళ్లిపీటల మీద కూడా అల్లుడి ముఖాన్ని రెండుసార్లు తేరిపార చూశాడు.