బయటి గొళ్లెం

వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లి, చేతులు కడుక్కుని, రుక్మాబాయి చిన్నకొడుకు గది బయటి గొళ్లెం తీసింది. ఆరేళ్లుగా నిర్మల్‌లోని ఆ ఇంట్లో ఆమె రోజు ఇలాగే మొదలవుతోంది. వామన్‌రావు మంచం మీద గోడకానుకుని కూర్చునే ఉన్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"రాత్రి గూడ కన్ను మూయలేదా బిడ్డా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

మందులతో వాడి చెవుల్లో వినిపించే మాటలు తగ్గాయి కానీ, నిద్ర మాత్రం అలిగిన అల్లుడిలా ఆ గడప తొక్కలేదు. దీపాలు పెట్టగానే అన్నం తినిపించి, మాత్ర మింగించి, పడుకోబెట్టి గొళ్లెం వేసేది రుక్మాబాయి. ఎక్కువసేపు పడుకుంటే ఎప్పటికైనా నిద్ర పట్టకపోతుందా అని ఆ తల్లి ఆశ. గొళ్లెం మాత్రం భయంతో వేసిందే. జబ్బు ముదిరిన రోజుల్లో వాడు చెప్పకుండా వెళ్లిపోయి, కాళ్లు పుండ్లై, ఉట్నూర్ అడవి దారిలో దొరికాడు.

రెండు నెలలుగా ప్రతి శనివారం అన్న వెంట కరీంనగర్‌లో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు. ఆయన మందు పెంచలేదు. వాణ్నొక్కణ్నే లోపలికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి పంపేవాడు.

"మాటలతోని నిద్రొస్తదా? గట్లయితే హరికథ చెప్పెటోల్లే డాక్టర్లు!" అని ఎగతాళి చేసేవాడు పెద్దకొడుకు దామోదర్‌రావు.

నిద్ర రాకపోగా, అప్పటినుంచే వామన్ రాత్రిళ్లు తలుపు బాదడం మొదలుపెట్టాడు. వాడకట్టంతా చెవులు కొరుక్కుంటోంది.

ఆ శనివారం పొద్దున దామోదర్ తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"జీపు మాట్లాడిన అవ్వా. తమ్మున్ని హైదరాబాద్ దవాఖానల వేసొస్త. ఇగ ఆడనే ఉంటడు."

"ఆడనేనా? ఎన్నొద్దులు?"

"అది అడుగకు. నాకు ఆడపిల్లలున్నరు. తలుపులు పలగ్గొట్టెటోన్ని ఇంట్ల పెట్టుకొని ఎంత పరేషాన్ కావాలె?"

రుక్మాబాయి చిన్నకొడుకు వైపు తిరిగి, చేతులు పట్టుకుంది. "నీ కాళ్లు మొక్కుత బిడ్డా, తలుపెందుకు కొడుతున్నవ్?"

ఈ రెండు నెలల్లో ఆ మాట వాణ్ని అడిగినవాళ్లు లేరు.

"నిద్ర రాకుంటే మంచం మీద ఉండొద్దన్నడు డాక్టర్," అన్నాడు వామన్ మెల్లగా. "లేచి నడిమింట్ల కూసోమన్నడు. కండ్లు మూతలు పడ్డంకనే మల్ల మంచమెక్కుమన్నడు. గందుకే కొడుతున్న. మీరు తియ్యరైతిరి."

దామోదర్ తెల్లబోయాడు. "మరి గొళ్లెం సంగతి ఆయనకు చెప్పకపోయినవా?"

"ఎట్ల చెప్తనే? మా అవ్వ నన్ను లోపలేసి గొళ్లెం పెడుతదంటే, అవ్వ ఇజ్జత్ పోదా?"

రుక్మాబాయి కొడుకు చేతులు వదిలి గొళ్లెం వైపు చూసింది. పిచ్చి అనుకున్న చప్పుడంతా వాడు బాగుపడాలని చేసిన ప్రయత్నం. దాన్ని అడ్డుకున్నది తన చెయ్యే.

బయట జీపు హారన్ మోగింది. దామోదర్ వెళ్లి పటకారు తెచ్చాడు. "ఇటియ్యి, పెట్టింది నేను," అని రుక్మాబాయి లాక్కుంది. ముసలి చేతులు గీరుకుపోయినా, మేకులు ఊడి గొళ్లెం కింద పడేదాకా వదల్లేదు.

"మల్ల ఎటన్న పోతే అవ్వా?" అన్నాడు దామోదర్.

"దర్వాజ ముంగట నేను పండుకుంట. జీపును కరీంనగర్ పోనియ్యి. గొళ్లెం ముచ్చట ఆ డాక్టర్‌కు నేనే చెప్త."

ఊరు దాటగానే వామన్ కళ్లు మూతలు పడసాగాయి. రుక్మాబాయి ఆశగా వాడి తలను ఒళ్లోకి తీసుకోబోయింది.

"వద్దవ్వా, పగలు పండుకోవద్దన్నడు. జర ఏదన్న మాట్లాడు, పండుకోనియ్యకు."

ఆరేళ్లుగా పడుకో బిడ్డా అని బతిమాలిన ఆ తల్లి, వాడి చిన్ననాటి ముచ్చట్లన్నీ చెప్తూ, కొడుకును కరీంనగర్ దాకా మెలకువగా ఉంచింది. చెప్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.