దడుపు ముంత

ఏప్రిల్ మధ్యాహ్నం మా కోహ్కా వీధుల్లో కుక్క కూడా కనబడదు. స్టీల్ ప్లాంటులో నైట్ డ్యూటీ దిగొచ్చి మా ఆయన సతీష్‌కుమార్ పడుకున్నాడు. ఆయన పడుకుంటే మేం ఊపిరి కూడా మెల్లగా పీల్చాలి. ఏడ్చినా, చప్పుడు చేసినా పిల్లలకు బెల్టు. అడ్డొస్తే నాకూ అదే. రాత్రిళ్ళు నేను దిండులో ముఖం పెట్టుకుని ఏడుస్తాను, చప్పుడు రాకుండా.

మా ఇంట్లో ఏడుపు రానిది సుప్రియ ఒక్కతే. ఎనిమిదేళ్ళ పిల్ల. బెల్టు పడుతుంటే టీవీ చూసినట్టు వాళ్ళ నాన్న ముఖంలోకి చూస్తుంది. మొన్న ఉడత పిల్లను కూలర్ నీళ్ళలో ముంచి, అది కొట్టుకోవడం ఆగేదాకా కూర్చుంది. ఎందుకే అంటే, “ఊరికే, చూద్దామని” అంది. బడిలో కౌన్సెలర్ మేడమ్‌కు చెప్పుకున్నాను. కొందరు పిల్లలు పుట్టుకతోనే భయం తక్కువగా పుడతారనీ, కొడితే ఇంకా మొద్దుబారతారనీ, దగ్గరకు తీస్తే దారిలో పడతారనీ ఆవిడ చెప్పింది. తీశానమ్మా, తీశాను! ఆ పిల్లను కావలించుకుంటే గోడను కావలించుకున్నట్టే ఉంటుంది. ఈ హిందీ ఊళ్ళో ఈ మాట చెప్పుకోడానికి నాకొక మనిషి లేదు.

పుట్టుకతో అలా లేదు సుప్రియ. నెలల పిల్లప్పుడు గుక్కపట్టి ఏడ్చేది. ఒకరోజు ఉన్నట్టుండి మానేసింది. అసలు సంగతి మా అత్త జోగమ్మ పోయేముందు గానీ చెప్పలేదు.

“గుంట ఏడిత్తే ఆడు సంపేత్తాడని బయమేసినాదే. నందిని ఊరి కాడ్నుంచి బైగాని పిలిసి దడుపు తీయించినాను. ముంతలో కట్టి, అప్పుడున్న క్వార్టర్ పెరట్లో, కుళాయి గట్టెనకాల కప్పెట్టినాను. కొంచెం తియ్యిరా అంటే, మొత్తం తీసేసినాడు సచ్చినోడు,” అంది.

బైగా అంటే ఇక్కడి మంత్రగాడు. ముసలామె మాటలే అని నేను కొట్టిపారేశాను. కానీ నిన్న సాయంత్రం, ఉయ్యాల మీదకు వంగి చినబాబు నోటి మీద చెయ్యి పెట్టి నిలబడ్డ సుప్రియను చూశాను. నా తొమ్మిది నెలల కొడుకు! ఆ ముంత తవ్వి, దాని భయం దానికి తిరిగిచ్చేస్తే, నొప్పంటే ఏమిటో దానికీ తెలుస్తుంది. అప్పుడు వీడు బతుకుతాడు. నాకు తోచిన దారి అదొక్కటే.

ఇవాళ సుప్రియ ఒంటిపూట బడి నుంచి రాగానే ఆటో ఎక్కాం. పాత క్వార్టర్ రుఆబాంధాలో, దాని బడి వెనకాలే. ఆ వరసంతా ఇప్పుడు ఖాళీ. కిటికీలు ఊడిపోయాయి. వడగాలికి ఏదో తలుపు కొట్టుకుంటోంది. పెరట్లో ఎండుటాకుల వాసన. దాని అడుగున ఇంకో వాసన... విరిగిన పాల వాసన.

“మమ్మీ, ఇక్కడికెందుకు?”

“నీ వస్తువొకటి ఉందే ఇక్కడ.”

“తెలుసు,” అంది సుప్రియ.

చినబాబును చంకలో పెట్టుకునే, కుళాయి గట్టు వెనక అట్లకాడతో తవ్వాను. మట్టి మెత్తగా వచ్చేసింది. ఎవరో ఈమధ్యనే తవ్వినట్టు.

ముందు పాత ముంత దొరికింది. పగిలిపోయి ఉంది. లోపల ఏమీ లేదు. దాని భయం ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది... నా ఆశా అందులోనే కలిసిపోయింది.

దాని పక్కన ఇంకో ముంత.

కొత్తది. పెరుగు అమ్మే మట్టి ముంత. మూతికి కట్టిన గుడ్డ మీద పసుపుపచ్చ బాతుల బొమ్మలు. చినబాబు చొక్కా గుడ్డ.

“ఇదేటే...” అన్నాను.

“తమ్ముడిది,” అని గుసగుసగా అంది. “దడుపెలా తియ్యాలో నానమ్మ నాకూ చెప్పింది. నిన్న తీశాను. పొద్దున బడికొచ్చినప్పుడు పెట్టాను. ఇంక డాడీ కొట్టరు వీడిని.”

నిన్న సాయంత్రం నుంచి వీడు ఏడవలేదు. ఆకలికి లేవలేదు. ఆటో కుదుపుకి ఉలిక్కిపడలేదు. బుద్ధిగా ఉన్నాడని మురిసిపోయాను, నా మతి మండా.

వాడి తొడ మీద గిల్లాను. గట్టిగా.

వాడు నా కళ్ళలోకే చూస్తున్నాడు. ఇంకా గట్టిగా గిల్లాను... ముంతలోంచి వచ్చింది ఏడుపు. గుక్కపట్టి.

గుడ్డ ముడి విప్పబోయాను. ముంత జారి గట్టు మీద పడి పగిలింది. ఏడుపు ఆగిపోయింది. చినబాబు ముఖం మాత్రం మారలేదు.

అక్కడే కూలబడి బావురుమన్నాను. నా బిడ్డలిద్దరూ పోయారు... ఎదురుగానే ఉన్నారు, అయినా పోయారు.

సుప్రియ నా దగ్గరకొచ్చి, జీవితంలో మొదటిసారి, తనంతట తాను నా మెడ చుట్టూ చెయ్యి వేసింది.

“డరో మత్ మమ్మీ, భయపడకు. డాడీ నిన్నూ కొట్టరింక.”

రెండో చేత్తో బడి సంచిలోంచి ఇంకో ముంత తీసి నా గడ్డం కింద పెట్టింది.

“కళ్ళు తుడుచుకోకు. రాత్రిళ్ళు ఏడ్చినవి చాల్లేదు, ఇవీ ఇందులో పడనీ.”

తల వంచి చూశాను. నా కన్నీటి బొట్టు ఒక్కటీ ఇంకా అందులో పడలేదు. అయినా ముంత సగానికి నిండి ఉంది.