నాలుగు చుక్కలు జరిపితే

"రేపు పదకొండుకి దుండిగల్‌లో క్యాడెట్ల పరేడ్. రెండొందల మంది. వాళ్ళ మీద డ్రోన్ కూలుస్తారు. ఎక్కడ కూలాలో డ్రోన్ నడిపేవాడికి పదింబావుకి కబురు వెళ్తుంది. ఆపు."

మేడ్చల్ జిరాక్స్ షాపు వెనక గదిలో చీఫ్ శేషారత్నం బ్రీఫింగ్ అంతే. టీ కూడా ఇప్పించలేదు మహాతల్లి.

ఏజెంట్ బాలరాజు మూడు వారాలుగా ఒక పిక్సెల్ ఆర్ట్ గ్రూపులో దొంగపేరుతో ఉన్నాడు. చదరపు చుక్కలు పేర్చి గేములకు బొమ్మలు గీసేవాళ్ళ గ్రూపది. ఒకరు బొమ్మ పెడతారు, మిగతావాళ్ళు లోపాలు చెబుతారు, గీసినవాళ్ళు దిద్ది మళ్ళీ పెడతారు. ఆఖరుగా పెట్టిందే లెక్క. విదేశీ ముఠా తన కబుర్లు ఆ బొమ్మల్లోనే దాస్తోంది.

ఎవరి బొమ్మలోనో బాలరాజే పట్టాడు. స్రవంతి అనే అమ్మాయి అతని సలహాలన్నీ పాటించింది. నీడ కుడివైపుకి మార్చింది, ఇరవై రంగుల్ని ఏడు చేసింది. ఆకాశంలో పనీపాటా లేని నాలుగు చుక్కల్ని మాత్రం, తీసెయ్యమని ఆరుసార్లు రాసినా "థాంక్యూ సర్" అని అలాగే ఉంచింది. గీసేవాళ్ళు వింటారు, లేదా పోట్లాడతారు. రెండూ చెయ్యలేదంటే ఆ చుక్కలు ఆమెవి కావు! ఆ నాలుగే డ్రోన్ కూలే చోటు చెబుతాయని, రహస్య సంకేతాలు విప్పే డీకోడర్ తేల్చింది.

"ఆ పిల్ల మనకూ పనిచేస్తానంది. డబుల్ ఏజెంట్. నమ్మకు," అంది చీఫ్.

మర్నాడు పదింటికి శామీర్‌పేట చెరువు గట్టు. పెళ్ళి ఫొటోలు తీసేవాడి వేషం, అంటించిన మీసం, మెడలో కెమెరా. డీకోడర్ అందులోనే ఉంది. ఎర్ర కారులో, నల్లకళ్ళద్దాలతో సినిమా హీరోయిన్‌లా కూర్చుంది స్రవంతి. ఒళ్ళో లాప్‌టాప్.

"లైటింగ్ ఎట్లుంది?" కోడ్‌వర్డ్ అడిగాడు.

"ఎడమ నుంచి కొడ్తాంది," అని కళ్ళద్దాలు తీసింది. "తప్పులు వట్టే సారు నువ్వేనా? మూడు వారాల సంది నా పానం తీసినవ్."

"గా చుక్కలు జరుపు. జవహర్‌నగర్ చెత్తకుప్ప మీద కూలాలె."

"జరిపితే నా గేము పోతది. రెండేండ్లు గీసిన. ఫైళ్ళన్నీ వాళ్ళ సర్వర్ల ఉన్నయి. చెప్పినట్టింటే నా పేరు మీద రిలీజ్ జేస్తమన్నరు." గొంతు తగ్గింది. "జరిపినా నన్ను జైలుకే తీస్కపోతరు గదా?"

అబద్ధం చెప్పొచ్చు. పదకొండేళ్ళుగా అదేగా అతని ఉద్యోగం!

"తీస్కపోతరు," అన్నాడు.

"నాతోని నిజం జెప్పినోడివి నువ్వొక్కనివే," అంది. లాప్‌టాప్ తెరిచింది. అప్పటికి టైము పదీ పదకొండు నిమిషాలు.

డీకోడర్ చూపిన చోట చుక్కలు పెట్టింది. నాలుగూ బొమ్మలోని గేము హీరో నుదుటి మీద పడ్డాయి.

"ఛీ, మశూచి వోసినట్టుంది. వాళ్ళు పసిగడ్తరు."

"చుక్కలు ముట్టకు. మొఖం జర పైకి జరుపు. కండ్లల్ల రెండేసి పడ్తయి," అన్నాడు బాలరాజు.

జరిపింది. చచ్చిన చేపలా ఉన్న హీరో కళ్ళల్లోకి వెలుగొచ్చింది.

"అయ్యో! గింతేనా? రెండేండ్ల సంది నాకు తోచకపాయె!" అంటూ నవ్వింది, ఏడ్చింది. పది పద్నాలుగు దాటి యాభై తొమ్మిదో సెకనులో పోస్ట్ చేసింది.

పదకొండుకి డ్రోన్ చెత్తకుప్ప మీద పేలింది. ఆ కంపులోకి చూడటానికి కూడా ఎవరూ రాలేదు. పదకొండూ నాలుగుకి స్రవంతి స్క్రీన్ ఖాళీ అయిపోయింది. పన్నెండు లెవెళ్ళు, ఒక్క ఫైలూ మిగల్లేదు.

"మనకు సాయం జేసింది మేడం," అన్నాడు బాలరాజు, వ్యానులో గట్టుకొచ్చిన చీఫ్‌తో.

"వాళ్ళకీ చేసింది," అంటూ చీఫ్ స్వయంగా బేడీలు వేసింది.

వ్యాను కదిలాక బాలరాజు ఫోన్ చూశాడు. బొమ్మ కింద ఎవరో రాశారు: "కండ్లు జబర్దస్త్ అక్కా! గేము ఎప్పుడొస్తది?"

రాదని టైప్ చేశాడు. చెరిపేసి లైక్ కొట్టాడు. అంతకుమించి దేనికైనా డిపార్ట్‌మెంట్‌లో పర్మిషన్ కావాలి.