ఒనీకా తోమిన సీసా

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒనీకా పెరట్లో గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. బెర్బీస్ నది ఒడ్డున ఆ వీధిలో గిన్నెలు తోమడమంటే మాటలు కాదు. బూడిద వేసి, కొబ్బరి పీచుతో తళతళలాడేదాకా తోమాలి. తర్వాత దారినపోయేవాళ్లంతా చూసేలా కంచె మీద బోర్లించాలి. పదేళ్లకే ఒనీకా గిన్నెలకు వీధిలో మంచి పేరొచ్చింది. ఆ పేరంటే ఆ పిల్లకు మహా ఇష్టం.

చివరి గిన్నె బోర్లించాక, ఆమె చూపు కిటికీలో ఉన్న సీసా మీద పడింది.

అది తాతయ్య సీసా. నాలుగు పలకలుగా ఉంటుంది. ఎప్పుడో డచ్చివాళ్లు ఇక్కడ చెరకు తోటలు వేసిన రోజుల్లో, సారా పోసి ఓడల్లో తెచ్చారట. అమ్మమ్మ అరటి పిలకలు నాటుతుంటే పారకు తగిలింది. అమ్మమ్మ పోయి రెండేళ్లయింది.

పాత సీసాలను గుర్తుపట్టడం ఈమధ్యే తాతయ్య ఒనీకాకు నేర్పుతున్నాడు.

"పక్కన అచ్చు అతుకు గీత ఉందా?"

"లేదు తాతా."

"అడుగున వేలు పెట్టి చూడు."

"గరుగ్గా తగుల్తోంది!"

"కరిగిన గాజును పట్టుకునే కడ్డీ నుంచి విరిచిన చోటు అది. అంటే ఎవరో నోటితో ఊది చేసిన సీసా అన్నమాట."

రేపు బడిలో పాత వస్తువుల ప్రదర్శన. "జాగ్రత్తగా తీసుకెళ్లు తల్లీ" అని తాతయ్య ఈ సీసానే ఇస్తానన్నాడు. కానీ దాని నిండా మరకలే. ఒకచోట పచ్చగా, ఒకచోట ఊదాగా, సన్నటి పొట్టులాగా అంటుకుని ఉన్నాయి.

"ఇలాగే పట్టుకెళ్తే నా పరువేం కాను!" అనుకుంది ఒనీకా. పిడికెడు బూడిద తీసుకుంది. కాసేపట్లో మరకలన్నీ పోయి, సీసా నల్లటి ఆకుపచ్చ రంగులో నిగనిగలాడింది.

అప్పుడే తాతయ్య నది నుంచి వచ్చాడు.

"చూడు తాతా, ఎలా మెరిసిపోతోందో!"

తాతయ్య సీసా అందుకున్నాడు. ఎండకేసి ఒకసారి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ఒనీకా దగ్గరికొచ్చింది. "ఏమైంది తాతా?"

"అవి మరకలు కావమ్మా. ఇన్నేళ్లు మట్టిలో ఉంటే గాజుకు పట్టే పొర అది. మీ అమ్మమ్మ రోజూ పొద్దున్నే సీసాని ఎండలో తిప్పి, ఆ రంగులు చూసుకునేది."

"మళ్ళీ రాదా?"

"రాదు."

ఒనీకా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నన్ను తిట్టు తాతా."

"తిడితే వచ్చేస్తుందా పిచ్చిదానా!" తాతయ్య దగ్గరికి లాక్కున్నాడు. "నేనే ముందు చెప్పాల్సింది. పాత సీసాని ఉత్త నీళ్లలో నాననివ్వాలి. మట్టి దానంతటదే వదలాలి. అంతే." ఆయన సీసాను మళ్ళీ ఒకసారి ఎండకేసి తిప్పి చూశాడు. అది ఒనీకాకు తిట్టుకన్నా ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు బడిలో హార్లీ టీచర్ సీసాను పైకెత్తి చూపించారు. "ఒనీకా ఎంత శుభ్రంగా తెచ్చిందో చూడండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఒనీకా తల దించుకుంది. అసలు సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. చెప్పకపోతే తెలియనే తెలియదు.

పక్క బల్ల మీద కెస్టర్ తెచ్చిన గుండ్రటి సీసా ఉంది. నిన్న నీళ్ళు వెనక్కి పోయినప్పుడు నది బురదలో దొరికిందట.

"ఛీ, కెస్టర్ బురదగుంటనే ఎత్తుకొచ్చాడు!" అన్నారు ఎవరో. అందరూ నవ్వారు.

"నువ్వూ ఒనీకాలా తోమి తేవచ్చుగా నాన్నా?" అన్నారు టీచర్.

కెస్టర్ మొహం చిన్నబోయింది. సీసా తీసుకుని గబగబా బయటి కొళాయి దగ్గరికి నడిచాడు. కిటికీలోంచి చూస్తే, వంగి గుప్పెడు ఇసుక తీస్తున్నాడు.

ఒనీకా ఒక్క ఉదుటున పరుగెత్తి అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు కెస్టర్! తోమకు!"

"ఏం, నీ ఒక్కదాని సీసానే మెరవాలా?"

టీచరూ పిల్లలూ గుమ్మం దాకా వచ్చేశారు. ఒనీకా వాళ్లకేసి తిరిగింది. అందరికీ వినబడేలా చెప్పింది.

"నా సీసా మెరవట్లేదు, పాడైపోయింది. నేనే పాడుచేశాను. దాని మీద రంగుల పొర ఉండేది. మా అమ్మమ్మకి అదంటే ప్రాణం. మరకలనుకుని బూడిదేసి తోమేశాను. ఇక మళ్ళీ రాదు."

ఎవరూ నవ్వలేదు. కెస్టర్ గుప్పిట్లోని ఇసుక మెల్లగా కింద రాలిపోయింది.

టీచర్ వెళ్లి బకెట్ తెచ్చి, కొళాయి కింద పెట్టారు. నిండాక ఒనీకా కెస్టర్ సీసాను రెండు చేతులా నీళ్లలోకి దించింది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అడిగాడు కెస్టర్.

"ఏం చెయ్యకూడదు. నాననివ్వాలి."

ఇద్దరూ బకెట్ పక్కన చతికిలబడ్డారు. బురద కొంచెం కొంచెంగా విడిపోతోంది. దాని కింద ఏదో నీలంగా మెరిసింది. ముట్టుకుని చూడాలని ఒనీకా వేళ్ళు తహతహలాడాయి. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, అలాగే చూస్తూ కూర్చుంది.