బోణీ గైడు

ఆదివారం పొద్దున పదకొండు దాటినా రామకోటయ్య పుస్తకాల అంగడిలో బోణీ కాలేదు.

బోణీ అంటే తెలుసు కదా? రోజులో మొదటి బేరం. అది బాగుంటే రోజంతా బాగుంటుందని అంగళ్లవాళ్ల నమ్మకం. ఎమ్మిగనూరు బజారులో ఈ నమ్మకం ఎంత గట్టిదంటే, దాని మీద మూడంతస్తుల మేడ కట్టినా ఒక్క పగులు రాదు.

గల్లాపెట్టె ముందు శ్రీవాసవి కూర్చుని ఉంది. ఏడో తరగతి. వాళ్ల నాన్న జ్ఞానేశ్వర్ సరుకు తేవడానికి కర్నూలు వెళ్లాడు. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడ్డాయి. గైడ్లకు రెక్కలొచ్చే రోజులు. అయినా ఇటు ఒక్కరూ రావడం లేదు. ఎదురుగా లక్ష్మన్న అంగడి ముందు మాత్రం నిలబడడానికి చోటు లేదు.

పక్కన వాలుకుర్చీలో తాత రామకోటయ్య పేపరు చదువుతున్నాడు.

"తాతా, మొదట వచ్చినోళ్లు ఏమీ కొనకుండా పోతే ఏమైతాది?" అని అడిగింది శ్రీవాసవి.

ఆ తాతను అలాంటి మాట అడగకూడదు. ఆయన నోట్లో కథలు పుట్టలో చీమల్లాంటివి. పుల్ల పెట్టి కదిలిస్తే చాలు.

"ఏమైతాదా?" తాత పేపరు మడిచాడు. "మా తాత కాలంలో అట్లే అయింది. మొదటి బేరగాడు వట్టి చేతులతో పోయినాడు. ఆ పొద్దు నుంచి మన అంగట్లోకి మనిషన్నోడు అడుగు పెట్టలేదు. మనుషులు పోనీ, ఈగలు కూడా రాలేదే! బెల్లం పెట్టి పిలిస్తే, పోయి ఎదురంగట్లో ఉప్పు మీద వాలినాయి గానీ మన బెల్లం దిక్కు చూడలేదు. ఎలుకలైతే మూటాముల్లె సర్దుకుని పిల్లాజెల్లాతో బజారు దాటి పోయినాయి. ఒక ముసలెలుక నడవలేకపోతే, పాపమని మా తాతే ఎత్తుకుపోయి దింపి వచ్చినాడు."

"నిజమా తాతా?"

"పోయి ఎలుకను అడుగు" అని తాత కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది. ఆ గురకకు అలమరలోని నిఘంటువులు కూడా ఉలిక్కిపడ్డాయంటే మీరు నమ్మరు, వదిలేయండి.

సరిగ్గా అప్పుడే అంగడి ముందు రెండు నీడలు పడ్డాయి.

ఒకటి దేవేంద్రప్పది. పక్క పల్లెలో కూలి పని చేసే మనిషి. రెండోది ఆయన కూతురు శివానిది. శివాని, శ్రీవాసవి ఒకే తరగతి.

"ఏం పాపా, ఏడో తరగతి చరిత్ర గైడు ఉండాదా?" అన్నాడు దేవేంద్రప్ప.

"సులభ సోపానం అని, నీలి అట్టది" అంది శివాని.

సులభ సోపానం నిన్ననే అయిపోయింది. నాన్న సాయంత్రానికి తెస్తాడు. 'మాపటికి రండి' అంటే సరిపోయేది. ఆ మాట శ్రీవాసవి పెదాల దాకా వచ్చింది. కానీ ఎలుకలు గుర్తొచ్చాయి. మూటాముల్లెతో సహా గుర్తొచ్చాయి.

మూలన తాడుతో బిగించిన గైడ్ల కట్ట ఒకటి ఉంది. ఎర్ర అట్ట, మీద బంగారు అక్షరాలు: 'మహా మేధావి'. పోయిన ఏడాది సరుకు. తిరిగి పంపాలని నాన్న కట్టి పెట్టాడు. ఎందుకు పంపాలో శ్రీవాసవి ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

తాడు వదులు చేసి అందులోంచి ఒకటి లాగింది.

"ఇది తీసుకో శివానీ. దానికంటే ఇదే మంచిది."

"నువ్వు చదివినావా?"

"ఊఁ. నేనూ ఇదే చదువుతాండా."

దేవేంద్రప్ప గైడును అరచేతిలో పెట్టుకుని, ఉల్లిగడ్డలు తూచినట్టు పైకీ కిందికీ ఆడించాడు. "శానా బరువుండాది. మంచిదే అయింటాది. దుడ్లు పోతే పోనీ పాపా. ఈ పరీచ్చలో మా శివానికి మార్కులొస్తే అవ్వ కాడ ఉండి చదువుకుంటాది. రాకుంటే మాతోపాటు సుగ్గికి రావాల్సిందే. రోజూ బస్సు చార్జీలు పెట్టి ఈడ బడికి పంపి ఏం లాభం?"

సుగ్గి అంటే వలస. ఊళ్లో పని లేని నెలల్లో ఆ పక్క పల్లెల జనం మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. పోయిన ఏడాది శివాని కూడా వెళ్లింది. తిరిగొచ్చేసరికి బడిలో సగం పాఠాలు అయిపోయాయి.

శివాని ఆ గైడును రెండు చేతులతో గుండెలకు ఆనించుకుంది. శ్రీవాసవి నోట్లను కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసింది.

బోణీ అయింది! ఆ తరువాత అంగడికి జనం వస్తూనే ఉన్నారు. సాయంత్రం నాన్న తెచ్చిన సరుకులోంచి ఒక సులభ సోపానం తీసి, శ్రీవాసవి తన సంచిలో పెట్టుకుంది. పెట్టుకునేటప్పుడు శివాని గుర్తుకు రాలేదు.

బుధవారం వచ్చింది. చరిత్ర పరీక్ష శుక్రవారం.

"ఎవరైనా ఒక పాఠం సొంతంగా చెప్పండి చూద్దాం. మీకిష్టమైంది" అన్నాడు జయకుమార్ సార్.

ఎప్పుడూ చెయ్యెత్తని శివాని చెయ్యెత్తింది. లేచి నిలబడి గడగడా మొదలుపెట్టింది. ఓడలు, రేవులు, వర్తకులు, వాళ్ల కోటలు. ఎక్కడా ఆగలేదు. ఎంతసేపు చదివిందో ఆ గొంతు వింటేనే తెలుస్తోంది.

సార్ అంతా విన్నాడు. "బాగా చెప్పినావమ్మా. కానీ ఈ పాఠం మనకు లేదే! పోయిన ఏడాది ఉండేది. పుస్తకం మారింది గదా."

"సార్, శివాని పోయినేడాది పరీక్ష రాస్తాందేమో!" అన్నాడు వెనక బల్ల మీద వీరభద్ర. తరగతంతా గొల్లుమంది.

"నవ్వింది చాలు. మొదట్లోనే చెప్పినాను కదా. ఏ గైడైనా కొనుక్కోండి, కానీ మన పుస్తకం పక్కన పెట్టి, పాఠాలు సరిపోయినాయో లేదో చూసుకోండని. ఎవరన్నా విన్నారా?"

సార్ ఆ మాట చెప్పిన రోజు శ్రీవాసవి కిటికీలోంచి కాకుల్ని చూస్తూ కూర్చుంది. పుస్తకాల అంగడి పిల్లకు గైడ్ల గురించి ఇంకొకరు చెప్పాలా అనుకుంది.

మధ్యాహ్నం శివాని పళ్లెం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా కోపంగా లేదు.

"వాసవీ, మనది ఒకటే గైడు గదా. పాపం నువ్వూ ఆ పాఠాలే చదివింటావు. ఇప్పుడు మనిద్దరం ఎట్ల చేద్దాం?"

శ్రీవాసవి సంచిలోంచి నీలి అట్ట అంచు తొంగిచూస్తోంది. సంచిని మెల్లగా వెనక్కి జరిపింది. పులిహోర పళ్లెం పక్కకు నెట్టింది.

సాయంత్రం అంగడికి వచ్చి తాత కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుంది. సంచి కూడా భుజం మీంచి దించలేదు.

"ఏమ్మా, నోట్లో బెల్లం ఉందా?" అన్నాడు తాత.

"తాతా, ఆ ఎలుకల కథ నిజం కాదు గదా?"

"కాదు."

"అంటే అబద్ధం."

"పచ్చి అబద్ధం." తాత పకపకా నవ్వాడు. "అయితే ఏం? నా అబద్ధాలకు నేనెప్పుడన్నా ఎవరి కాడన్నా డబ్బులు తీసుకున్నానా?"

తాత మామూలుగానే అన్నాడు. ఆయనకేం తెలుసు? కానీ శ్రీవాసవి కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. బోణీ, కట్ట, బరువు, సుగ్గి, అన్నీ చెప్పేసింది.

తాత నవ్వు ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

లోపల సరుకు సర్దుతున్న నాన్న అంతా విన్నాడు. మూలనున్న కట్ట దగ్గరికి వెళ్లి, వదులైన తాడు చూశాడు.

"పాఠాలు మారినాయనే వీటిని తిరిగి పంపుతాండా. ఒక్క మాట అడిగింటే చెప్పేటోణ్ణి కదమ్మా." కొత్త సులభ సోపానం ఒకటి తీసి కూతురి చేతిలో పెట్టి, తాత వైపు తిరిగాడు. "నాన్నా, నీ మోపెడ్ తీయి. పొద్దు ఉండగానే పోయిరండి."

తాత మోపెడ్ గురించి ఒక్క మాట చెప్పాలి. అది పోతుంటే నడిచిపోయేవాళ్లు వెనక నుంచి 'కొంచెం దారివ్వు పెద్దాయనా' అంటారు. ఆ రోజు మాత్రం రెండు ఎద్దులబండ్లను, ఒక గొర్రెల మందను దాటింది.

శివాని ఇంటి గుమ్మం పక్కన గోతాం సంచి ఒకటి సగం సర్ది ఉంది. అందులోంచి గిన్నెలు కనిపిస్తున్నాయి. సుగ్గి సంచి. శివాని మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో మహా మేధావి. తెరవలేదు.

శ్రీవాసవి దారి పొడవునా అనుకున్న మాటలన్నీ మరిచిపోయింది.

"శివానీ, నేను ఆ గైడు చదవలేదు. బోణీ పోతాదని ఇచ్చినా. నా కాడ ఉండేది ఇది" అని సంచిలోంచి తన నీలి గైడు తీసి చూపించింది. "ఇంకోటి నీకు తెచ్చినా."

శివాని ఆ రెండు నీలి అట్టలనూ చూసింది. ఒళ్లో ఉన్న ఎర్ర అట్టను చూసింది.

"మా నాయనకు చదువు రాదు. బరువు చూసి కొన్యాడు. నువ్వు ఏం చూసి ఇచ్చినావు?"

శ్రీవాసవి తల దించుకుంది. "ఏమీ చూడలేదు."

వెళ్లి కింది మెట్టు మీద కూర్చుంది. లోపలి నుంచి శివాని అవ్వ గిడ్డమ్మ బయటికి వచ్చింది.

"ఏందమ్మా ఇద్దరూ మూతులు బిగించుకుని కూచున్యారు? కొట్లాడేదుంటే పరీచ్చ అయినాక కొట్లాడండి. ఇప్పుడు టైము యాడుండాది? లోపలికి రాండి."

లోపల దీపం కింద శ్రీవాసవి సులభ సోపానం తెరవబోయింది. శివాని ఆపింది.

"ఆగు. ముందు సార్ చెప్పినట్ల చేద్దాం."

పాఠ్యపుస్తకం ఒక పక్క, గైడు ఒక పక్క పెట్టారు. ఒక్కో పాఠం పేరు శివాని చదివింది. గైడులో శ్రీవాసవి వెతికింది. పాఠాలన్నీ ఉన్నాయి. కానీ విజయనగర రాజులు తవ్వించిన చెరువుల గురించి పుస్తకంలో రెండు పేజీలుంటే, గైడులో రెండు లైన్లున్నాయి.

"దీన్ని కూడా చూడకుండానే కొన్యావా?" అంది శివాని.

"అంగడి మాదే గదా. కొనలా, ఊరికే తీసుకున్నా."

శివాని మూతి ముడుచుకునే ఉంది. కానీ పెదాల చివర చిన్న నవ్వు కదిలింది. చెరువుల సంగతికి వచ్చేసరికి గైడు మూసేశారు. పుస్తకంలోనే చదివారు. ఒకరు అడిగితే ఒకరు చెప్పారు.

బయట అరుగు మీద తాత గిడ్డమ్మకు ఎలుకల కథ చెప్పాడు. గిడ్డమ్మ ఆకువక్క నములుతూ అంతా విన్నది.

"అంతేనా శెట్టీ? మా ఊర్లో ఒక కరువులో ఎలుకలే సుగ్గికి పోయినాయి. వచ్చేటప్పుడు మా ఇంటికి రెండు బస్తాల మిరపకాయలు తెచ్చినాయి."

పుట్టి బుద్ధెరిగాక రామకోటయ్య కథల్లో ఓడిపోయింది ఆ ఒక్కసారే.

మరుసటి రోజు బడి అయ్యాక శివాని అంగడికి వచ్చింది. ఇద్దరూ గల్లాపెట్టె వెనక కూర్చుని మళ్లీ చదివారు. పరీక్షలో చెరువుల ప్రశ్న వచ్చిందా అని అడుగుతారు మీరు. వచ్చింది. శివాని దానికి పేజీన్నర రాసింది. శ్రీవాసవి పేజీ రాసి, మిగతాది గుర్తురాక పెన్ను కొరుక్కుంది.

జనవరిలో దేవేంద్రప్ప, ఆయన భార్య సుగ్గికి బయలుదేరారు. బస్సు మీదికి గోతాం సంచి ఎక్కింది. శివాని ఎక్కలేదు. అవ్వ పక్కన నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.

ఆ తరువాతి ఆదివారం శివాని పుస్తకం పట్టుకుని అంగడికి వచ్చింది. అప్పటికి పదకొండయింది. బోణీ కాలేదు. ఎదురుగా లక్ష్మన్న అంగడి కిటకిటలాడుతోంది.

ఒకామె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. "పదో తరగతి చరిత్ర గైడు ఒకటి ఇయ్యమ్మా. ఏదన్నా పరవాలేదు, మంచిది ఇయ్యి."

తాత పేపరు వెనక గురక ఆగింది.

"పుస్తకం తెచ్చినావా అన్నా?" అని ఆ అబ్బాయిని అడిగింది శ్రీవాసవి. అతను తీసి ఇచ్చాడు. గల్లాపెట్టె మీద పుస్తకం పెట్టి, పక్కన గైడు పెట్టి, ఒక్కో పాఠం వేలు పెట్టి చూసింది. శివాని కూడా వంగి చూసింది.

"మా కాడ ఉండేది మీకు సరిపోదక్కా. ఇందులో రెండు పాఠాలు లేవు. ఎదురుగా లక్ష్మన్న మామ అంగట్లో వేరేది ఉండాది. ఆడ కూడా ఇట్లే పక్కన పెట్టి చూసి కొనుక్కోండి."

తల్లీకొడుకులు బజారు దాటి వెళ్లిపోయారు.

తాత పేపరు మెల్లగా కిందికి దిగింది. "బోణీ పాయె" అన్నాడు.

"పోనీ తాతా."

"మరి ఎలుకలు?"

"ముసలిదాన్ని నేను ఎత్తుకుపోయి దింపి వస్తాలే" అంది శ్రీవాసవి.

అంతలో ఎక్కడి నుంచో ఒక ఈగ వచ్చి గల్లాపెట్టె మీద వాలింది. ముగ్గురూ దాన్నే చూశారు. ఎవరూ తోలలేదు.